పొలమారిన పూట

మొన్న ఆదివారం మా ఇంట్లో అందరం కలిసి భోజనాలకి కూర్చున్నాం. ముద్దపప్పు, కొత్తావకాయ, పైన నెయ్యి. మా వదిన ఏదో పెళ్ళి సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వబోయింది, అంతే, పొలమారింది. కళ్ళు ఎర్రబడిపోయాయి, నీళ్ళు కారాయి, దగ్గు ఎంతకీ ఆగదు. మా అత్తయ్య చటుక్కున లేచి ఎడంచేత్తో ఆవిడ నెత్తిన తడుతూ, "ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారే, ఎవరై ఉంటారు?" అంది. వదిన దగ్గుతూనే తమ్ముడి పేరు చెప్పింది. బెంగుళూరులో ఉంటాడు. దగ్గు తగ్గింది.

మీ ఇంట్లోనూ ఇంతే కదండీ? ఆ నమ్మకాన్ని కాదనాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఉక్కిరిబిక్కిరయ్యే మనిషి తల మీద ఓ చెయ్యి పడటం మంచిదే. కాకపోతే, ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఎవరికైనా పొలమారితే నాకు గొంతులో ఆ చోటు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇవాళ మీకూ చూపిస్తాను. తొందరేం లేదు కదా, కూర్చోండి.

ముక్కులోంచి గాలి వస్తుంది, నోట్లోంచి అన్నం వస్తుంది. రెండూ గొంతు వెనకాల ఒకే గదిలో కలుస్తాయి. మా పాఠ్యపుస్తకంలో దాని పేరు గ్రసని. చిక్కంతా అక్కడే. గాలి వెనకవైపు నుంచి దిగి ముందున్న గొట్టంలోకి పోవాలి. అన్నం ముందువైపు నుంచి వచ్చి వెనకున్న గొట్టంలోకి పోవాలి. అంటే రెండు దారులూ ఒకదాన్నొకటి దాటుకోక తప్పదు. రైల్వే గేటు దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి. రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, రైలు వచ్చేటప్పుడు మాత్రం గేటు పడుతుంది. ఇక్కడ ముద్దే రైలు.

ఆ గేటు పడటం మీ వేలితోనే తెలుసుకోవచ్చు. గొంతు మీద ఎత్తుగా తగిలే చోట వేలు ఆనించి ఒక్క గుటక వేయండి. ఆ ఎత్తు పైకి లేచి మళ్ళీ దిగింది కదా? అది స్వరపేటిక. గుటక పడే ఆ క్షణంలో అది పైకి జరిగి నాలుక మొదలు కిందకి చేరుతుంది, దాని మీద ఆకులాంటి మూత వాలుతుంది. ఉపజిహ్విక అంటారు దాన్ని. చాలామంది దీన్నే కొండనాలుక అనుకుంటారు. కాదు, కొండనాలుక పైన అంగిట్లోంచి వేలాడేది. ఆ అంగిటి మెత్తని భాగంతో కలిసి అది ముక్కు దారిని మూస్తుంది. మంచినీళ్ళు తాగుతూ నవ్వితే ముక్కులోంచి నీళ్ళొచ్చేది ఆ మూత తప్పినప్పుడే. మూతల కింద ఇంకో కాపలా ఉంది, స్వరతంత్రులు. రెండు మడతలు, తలుపు రెక్కల్లా దగ్గరకొచ్చి బిగుసుకుంటాయి. ఒకటి తప్పినా ఒకటి కాస్తుందన్నమాట. గుటక వేసినంతసేపూ ఊపిరి ఆగుతుంది, మనకి తెలియనే తెలియదు.

ఈ స్వరపేటిక అసలు పని కాపలాయే. మాటా, పాటా ఆ తలుపుకి తర్వాత అబ్బిన విద్యలు. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు ఆ రెక్కలు సెకనుకి వందసార్లకు పైగా, ఆడవాళ్ళకైతే సుమారు రెండు వందలసార్లు కొట్టుకుంటాయి. అదే గొంతు. మాట్లాడాలంటే తలుపు తెరుచుకుని గాలి రావాలి, మింగాలంటే తలుపు మూసుకోవాలి. రెండూ ఒకేసారి చేయబోతే మా వదినకైనట్టే అవుతుంది. "తినేటప్పుడు మాట్లాడకే" అని మా అమ్మ కోప్పడినప్పుడు అదంతా క్రమశిక్షణ కోసమనుకునేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇది కబుర్ల కోసం చెప్పడం లేదు. పొలమారిన మనిషి దగ్గుతూ ఉంటే భయం లేదు, దగ్గనివ్వండి. నీళ్ళు పట్టించకండి, వీపు నిమరండి చాలు. కానీ దగ్గూ రాక, మాటా రాక, చేతులు గొంతు దగ్గర పెట్టుకుని మొహం నీలబడుతుంటే తల మీద తడుతూ కూర్చోకూడదు. ముందుకు వంచి, వీపు మీద రెండు భుజపు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు కొట్టాలి. దానికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఒక్క ఊపున నొక్కాలి. 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు ఈ నొక్కుడు పద్ధతి చెప్పాడు. ఎంత ఊపిరి వదిలేసినా మన ఊపిరితిత్తుల్లో లీటరుకి పైగా గాలి మిగిలే ఉంటుంది. ఆ గాలితోనే అడ్డుపడ్డదాన్ని బయటికి తన్నించడం. ఏడాది నిండని పసిపిల్లలకి మాత్రం పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద కొట్టాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేస్తూ ఉండాలి.

ఇక కిందికి దిగుదాం.

మా స్కూలున్న ఊరి సంతలో మాంసం కొట్టే ఆయన నాకోసం ఏటా ఒకరోజు మేక ఊపిరితిత్తులు గాలిగొట్టంతో సహా కోయకుండా తీసిపెట్టేవాడు. ఆకులో చుట్టి, "పంతులమ్మగారూ, పిల్లలకా?" అని డబ్బులు తీసుకునేవాడు కాదు. బల్ల మీద పాత పేపర్లు పరిచి పెట్టేదాన్ని. మొదట అమ్మాయిలు ముక్కు మూసుకుని వెనక్కి జరిగేవారు. అయిదు నిమిషాల్లో బల్ల చుట్టూ చోటుండేది కాదు.

ముందు గాలిగొట్టం ముట్టుకోమనేదాన్ని. ముందువైపు వేలితో రాస్తే గట్లుగట్లుగా తగులుతుంది. అవన్నీ మృదులాస్థి ఉంగరాలు, మనిషికైతే పదహారు నుంచి ఇరవై దాకా ఉంటాయి. ఉంగరాలంటే పూర్తి ఉంగరాలు కావు, లాడాల్లాంటివి, వెనకవైపు తెరిచి ఉంటాయి. అక్కడ మెత్తగా ఉంటుంది. ఎందుకంటే ఆ వెనకాలే ఆనుకుని అన్నవాహిక ఉంది. పెద్ద ముద్ద దిగేటప్పుడు దానికి కాస్త చోటివ్వాలి. ముందువైపు గట్టిగా లేకపోతే ఊపిరి పీల్చినప్పుడల్లా గొట్టం ముడుచుకుపోతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి లోపల తీగ చుట్లు ఉండేది కూడా అందుకే.

అరచెయ్యంత పొడవు వెళ్ళాక ఆ గొట్టం రెండుగా చీలుతుంది. కుడివైపు కొమ్మ కాస్త లావు, కాస్త పొట్టి, దాదాపు నిటారుగా దిగుతుంది. ఎడమది గుండెకి దారిస్తూ పక్కకి వాలుతుంది. అందుకే గొంతు కాపలా దాటి పొరపాటున ఏది లోపల పడినా ఎక్కువగా కుడివైపే పోతుంది. మా పక్కింటి రెండేళ్ళ బాబు వేయించిన వేరుశనగపలుకులు తింటూ పరిగెత్తి పడ్డాడు. కాసేపు దగ్గి ఊరుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు పిల్లికూతలు, జ్వరం, దగ్గు మందు మీద దగ్గు మందు. చూసిన డాక్టరు జలుబన్నాడు, మరో చోట ఉబ్బసమన్నారు. చివరికి ఓ పెద్దావిడ డాక్టరు రెండువైపులా స్టెతస్కోపు పెట్టి, "కుడివైపు గాలి సరిగ్గా ఆడటం లేదు, పిల్లాడు ఏమైనా మింగాడా?" అని అడిగింది. బ్రాంకోస్కోపుతో తీస్తే సగం పలుకు, నాని ఉబ్బి ఉంది. మొదట చూసినవాళ్ళు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేదో. నాలుగేళ్ళు దాటేదాకా పిల్లలకి పలుకులు పలుకులుగా పెట్టకండి, పొడి కొట్టి పెట్టండి.

ఆ రెండు కొమ్మలూ మళ్ళీ చీలతాయి, అవి మళ్ళీ చీలతాయి, అలా సుమారు ఇరవైమూడు తరాలు. చివరికొచ్చేసరికి ఉంగరాలుండవు, సన్నని కండ చుట్టిన నాళికలే మిగులుతాయి. ఉబ్బసం పట్టేది ఈ సన్నదారులకే. ఆ కండ బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది. గాలి పోవడం కన్నా బయటికి రావడం కష్టమవుతుంది. మృగశిర కార్తెనాడు చేపమందు కోసం హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళ ఆయాసం, ఆశ రెండూ నాకు అర్థమవుతాయి. కానీ మందు పెట్టి మింగించే ఆ కొర్రమీను పిల్ల దిగేది వెనక గొట్టంలోకి. జబ్బున్నది ముందు గొట్టం చివర. ఆ చివరికి నేరుగా చేరేది ఇన్‌హేలరే. అది ఆఖరి మందనీ, అలవాటైపోతుందనీ మన ఇళ్ళల్లో ఒక భయం. ఉబ్బసానికిచ్చే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములుంటే, ఇన్‌హేలరు ఒక్క నొక్కుకి వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు. కావలసిన చోటుకే వెళ్తుంది గనక అంత తక్కువ సరిపోతుంది. ఎవరికి ఏది ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, ఆ భయం మాత్రం వదిలేయండి.

మళ్ళీ మేక దగ్గరికి వద్దాం. గాలిగొట్టంలో సైకిలు పంపు ట్యూబు దూర్చి దారంతో బిగించి, ఒక పిల్లాణ్ణి కొట్టమనేదాన్ని. ముడుచుకుపోయి ముదురు రంగులో ఉన్నది కాస్తా గులాబీ రంగుకి తిరుగుతూ అంచుల దాకా విచ్చుకునేది. క్లాసంతా ఓ అని ఒక్కటే గోల. పంపు తీసేయగానే ఎవరూ నొక్కకుండానే, సుయ్‌మంటూ దానంతట అది ముడుచుకునేది. చిన్న ముక్క కోసి నీళ్ళగ్లాసులో వేస్తే తేలేది. కాలేయం ముక్క మునిగేది.

"ఇది ముడుచుకోవడం దానికి వచ్చు. విచ్చుకోవడం వచ్చా?" అని అడిగేదాన్ని. రాదు. ఊపిరితిత్తికి తనంతట తాను గాలి లాక్కునే కండ లేదు. ఆ మాటలోనే ఉంది చూడండి, ఊపిరి తిత్తి. తిత్తి అంటే తోలుసంచి. మా చిన్నప్పుడు కమ్మరి కొలిమి దగ్గరి తిత్తి గొలుసు లాగితే పైకి లేచేది, వదిలితే నిప్పుల్లోకి బుస్సున ఊదేది. ఆ తిత్తి లోపలికి గాలిని ఎవరూ తొయ్యరు. సంచి విశాలమైతే గాలి అదే వస్తుంది. ఈ మాట పుట్టించినవాళ్ళు ఎవరో, సంగతి బాగా ఎరిగినవాళ్ళు.

మరి మన తిత్తికి గొలుసు లాగేదెవరు? ఉదరవితానం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పైకి ఉబ్బి ఉండే పల్చని కండ. వితానం అంటే పందిట్లో కట్టే చాందినీ కదా, ఎంత చక్కని పేరు! అది బిగిసినప్పుడు, మామూలు ఊపిరికి సెంటీమీటరో రెండో కిందికి దిగుతుంది. పక్కటెముకలు బకెట్టు పిడి లేచినట్టు పైకి లేస్తాయి. ఛాతీ గది పెద్దదవుతుంది, దాని గోడలకి అంటుకునే ఉన్న తిత్తులు సాగుతాయి, గాలి వస్తుంది. కండ వదిలితే మేక తిత్తి ముడుచుకున్నట్టే అవీ ముడుచుకుంటాయి. ఆ కండ ఎప్పుడైనా ఉలిక్కిపడి గుంజుకుంటే, ఆ వెంటనే గొంతు తలుపు టక్కున పడితే, అది ఎక్కిలి.

మామూలుగా ఒక్క ఊపిరికి అర లీటరు. అందులో దాదాపు మూడో వంతు దారిలోనే ఉండి తిరిగి వచ్చేస్తుంది, మిగతాదే చివరి గదులకి చేరుతుంది. రోజుకి సుమారు ఇరవై వేల ఊపిరులు. ఆ చివరి గదులు వాయుగోణులు, ముప్పై నుంచి యాభై కోట్లు ఉంటాయని లెక్క. అన్నీ విప్పి పరిస్తే డెబ్భై చదరపు మీటర్లు, మన భాషలో ఎనభై గజాల పైచిలుకు స్థలం. గాలికీ నెత్తురుకీ మధ్య గోడ వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. నెత్తురు కణం ఆ గోడ పక్క నుంచి ముప్పావు సెకనులో పోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే ప్రాణవాయువు ఎక్కాలి, బొగ్గుపులుసు గాలి దిగాలి.

పీల్చే గాలిలో నూటికి ఇరవై ఒక్క పాళ్ళు ప్రాణవాయువు. వదిలే గాలిలో ఇంకా పదహారు పాళ్ళుంటుంది. మా నాయనమ్మ ఊదుగొట్టంతో కట్టెలపొయ్యి రాజేసేది ఈ పదహారు పాళ్ళ గాలితోనే, అది పోతూ పోతూ చుట్టూ ఉన్న గాలినీ వెంట లాక్కుపోయేది. పడిపోయిన మనిషికి నోట్లో నోరు పెట్టి ఊదినా బతికేది ఈ మిగులు వల్లే. నాయనమ్మ చుట్ట కాల్చలేదు, బీడీ ముట్టలేదు. కానీ అరవై ఏళ్ళకే నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకునేది. పొద్దున్నే దగ్గు వినిపిస్తే ఆవిడ లేచిందని మాకు గుర్తు. తడి కట్టెలు, కిటికీ లేని వంటిల్లు, పూటకి రెండు గంటల పొగ. సిగరెట్టు తాగనివాళ్ళ ఊపిరితిత్తుల్ని పొయ్యి పొగ ఇలాగే దెబ్బతీస్తుందని తర్వాత చదివాను. 1999లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చి పల్లెల్లో ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చినప్పుడు అందరూ వంట తొందరగా అవుతుందన్నారు. నాకు మాత్రం నాయనమ్మ దగ్గే గుర్తొచ్చింది.

ఆ పొగని ముక్కు ఆపలేదా అంటారేమో. ముక్కు చేయగలిగినంత చేస్తుంది. దాని లోపల రెండువైపులా చుట్టలు తిరిగిన అరల్లాంటి ఎముకలు, వాటి మీద తడి పొర, ఆ పొర నిండా నెత్తురు. డిసెంబరులో లంబసింగి వెళ్ళి తెల్లారుజామున నిలబడండి. సున్నా దగ్గరగా ఉన్న ఆ గాలి ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి ఒంటి వేడికి వచ్చేస్తుంది, తడీ పడుతుంది. పైగా రెండు ముక్కురంధ్రాలూ వంతులు వేసుకుంటాయి. ఒకటి కొన్ని గంటలు సగం మూసుకుని సేద తీరుతుంది, తర్వాత రెండోది. యోగులు ఎప్పుడో గమనించిన సంగతే ఇది. ఇప్పుడు ఒక్కో రంధ్రం మూసి చూడండి, తేడా తెలుస్తుంది. దుమ్ము ఈ తడి జిగటకి అంటుకుంటుంది. గాలిగొట్టంలోని కంటికి కనపడని నూగు సెకనుకి పదిసార్లకు పైగా కొట్టుకుంటూ ఆ జిగటని పైకి తోస్తుంది. మనం తెలియకుండా మింగేస్తాం. పొగలోని మరీ సన్నని నుసి మాత్రం వీటన్నిటినీ దాటిపోతుంది, ఆ నూగునీ మొద్దుబారుస్తుంది.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. "ఊరికే నిట్టూర్చకు, ఇంటికి మంచిది కాదు" అని పెద్దవాళ్ళు అంటారు కదా? మనం ప్రతి అయిదు నిమిషాలకోసారి మనకి తెలియకుండానే నిట్టూరుస్తాం, దిగులున్నా లేకపోయినా. వాయుగోణుల లోపల తడి ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు ఎలా గుండ్రంగా దగ్గరకు ముడుచుకుంటుందో, ఆ తడి కూడా గదిని అలా ముడిచేయబోతుంది. కొన్ని ముడుచుకుపోతాయి కూడా. ఒక్క పెద్ద ఊపిరి వాటిని మళ్ళీ తెరుస్తుంది. మిగతావి ముడుచుకోకుండా కాసేది ఆ తడిలో కలిసిన సబ్బులాంటి పదార్థం, సర్ఫాక్టెంట్. కడుపులో బిడ్డకి అది సరిపడా ఊరేది ఎనిమిదో నెల నిండబోతున్నప్పుడు.

1959లో బోస్టన్‌లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరు, నెలలు నిండక పుట్టి ఊపిరాడక చనిపోయిన పసివాళ్ళ ఊపిరితిత్తుల్లో నురుగు లేదని కనిపెట్టింది. నురుగు లేదంటే సబ్బు లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే పుట్టిన రెండు రోజులకి పోయాడు. ఆ రోజుల్లో ఎంతటివాళ్ళకైనా మందు లేదు. తర్వాత 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు, కాన్పుకి ముందు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డలో సబ్బు తొందరగా ఊరుతుందని చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ని పసివాళ్ళ గాలిగొట్టంలో పోసి బతికించాడు.

మా చెల్లెలి కూతురికి ఎనిమిదో నెల వచ్చీ రాకుండానే నొప్పులొచ్చాయి. ఇంజెక్షన్ ఇచ్చారు గానీ అది పూర్తిగా పనిచేసే వ్యవధి లేకపోయింది. అద్దంలోంచి చూశాను పిల్లాణ్ణి. అరచేతి వెడల్పు ఛాతీ. ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడేది. వదిలినప్పుడల్లా సన్నగా మూలిగేవాడు. నర్సు నొప్పి కాదమ్మా అంది. నాకు తెలుసు. గొంతు తలుపు ఓరగా మూసి, లోపలి గాలి పూర్తిగా పోకుండా, ఆ గదులు ముడుచుకోకుండా అదిమిపెడుతున్నాడు. ఎవరు నేర్పారు వాడికి? అన్నం కోసం పెట్టిన తలుపుని, ఒక్క చుక్క పాలైనా తాగకముందే, ఊపిరి నిలుపుకోవడానికి వాడుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం ముందు నిలబడి నాకు కాళ్ళు వణికాయి. సన్నని గొట్టంలోంచి తెల్లని మందు పోశారు. సాయంత్రానికి మూలుగు ఆగింది.

వాడికిప్పుడు ఆరేళ్ళు. నిన్న వాళ్ళమ్మ తలంటుకోవడానికి కొట్టిపెట్టిన కుంకుడురసం గిన్నె ఎత్తుకెళ్ళి, పెరట్లో బొప్పాయి ఆకు కాడ విరిచి, నురుగులో ముంచి బుడగలు ఊదుతున్నాడు. బుగ్గలు పొంగిస్తే పగిలిపోతున్నాయి. "మెల్లగా ఊదరా" అన్నాను. మెల్లగా ఊదాడు. కాడ చివర బుడగ పెరిగి పెరిగి, రంగులు తిరిగి, వదిలిపోయి గోడ దాటింది. వాడు పరిగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ, "అమ్మమ్మా, ఇంకొంచెం రసం పొయ్యి" అన్నాడు.